తుయెత్ బామ్మ పలకరింపు

వియత్నాం నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా ఉండే వెస్ట్‌మిన్‌స్టర్ ఊళ్ళో గోళ్ళ పార్లర్ నడిపే తుయెత్ బామ్మకు నోరు ఊరుకునేది కాదు. కుర్చీలో కూర్చున్న మనిషి చేతిని తన చేతిలోకి తీసుకోగానే, "తిన్నావు, లేదు?" అని అడిగేది. ఇంగ్లీషు వింటే తెలిసేదిగానీ, ఆమెకు పలకడానికొచ్చింది అంతే. యుద్ధం తర్వాత సైగాన్ నుంచి పడవలో పారిపోయి వచ్చిన మనిషికి ఆకలి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. లేదన్నారంటే చాలు, లోపల్నుంచి వేడివేడి కోడి జావ వచ్చేది.

మనవరాలు క్విన్ ఆమె చేతుల్లోనే పెరిగింది. ఒకనాడు ముద్దొచ్చి ఆ పలకరింపును ఫోనులో తీసి లోకం మీదికి వదిలింది. లక్షలమంది చూశారు. మాకూ ఇలాంటి బామ్మ కావాలని రాశారు.

"అందరికీ నువ్వంటే ఎంతిష్టమో బామ్మా!"

"నేనా? పళ్ళూడిన ముసలిదాన్నే!" అంటూనే తుయెత్ అద్దంలో జుట్టు సవరించుకుంది. పాపం, ఆ వారమంతా నేలమీద నడవలేదు.

తరువాత ఆ గొంతు చేతులు మారింది. ఎవరెవరో వెదురు టోపీలు పెట్టుకుని, వియత్నాం వాళ్ళ కళ్ళను వెక్కిరిస్తూ కంటి కొసలు వేళ్ళతో లాగి, ఆమె మాటకు పెదాలు కలపసాగారు. ఎవరైనా నొచ్చుకుంటే "సరదాకే కదా" అన్నారు. ఏం సరదానో! మనిషి గొంతు కావాలిగానీ, మనిషి అక్కర్లేదు.

క్విన్ తన వీడియో తీసేసింది. అప్పటికే అది ఊరంతా పాకిపోయింది. బామ్మకు చెప్పే ధైర్యం లేకపోయింది.

శనివారం పార్లర్‌కు ఇద్దరమ్మాయిలు వచ్చారు. "ఆంటీ, ఆ మాట ఒక్కసారి అనరూ!" అన్నారు. బామ్మ సంబరంగా అంది. ఒకమ్మాయి కళ్ళు లాగి, అదే యాసతో తిరిగి అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. బామ్మా నవ్వబోయి ఆగిపోయింది. ఆ అమ్మాయి గోళ్ళకు రంగు వేయడం పూర్తయ్యేదాకా తలెత్తలేదు.

ఆనాటి నుంచి మనుషుల్ని పలకరించడం మానేసింది. ఇంట్లోనూ అంతే. క్విన్ బడినుంచి వస్తే గిన్నె ముందు పెట్టి పక్కకు వెళ్ళిపోయేది.

"నన్నైనా అడగవా బామ్మా?" అంది ఒకరోజు క్విన్. బామ్మ చూపు తన ఫోను మీదికి పోవడం చూసి దాన్ని సోఫాలోకి విసిరేసింది. "తియ్యట్లేదు. నీమీదొట్టు."

"తెలుసులేవే. నోరే రావట్లేదు. నోరు తెరిస్తే ఆ పిల్లల గొంతే వినపడుతోంది నాకు."

క్విన్‌కు దుఃఖం పొంగింది. ఎప్పుడూ మాట్లాడే ఇంగ్లీషు వదిలి, తనకు వచ్చీరాని వియత్నామీలో, పదాలు తలకిందులు చేస్తూ, "తప్పు నేను బామ్మా... చేశాను... క్షమించు నన్ను నువ్వు" అని ఏడ్చింది. మాటలు నేర్చిన నాటి నుంచీ ఆ పిల్లకు సొంత భాష అలాగే విరిగి వస్తుంది. బామ్మ ఎన్నడూ నవ్వలేదు. ఇప్పుడూ నవ్వలేదు. చివరి మాట దాకా ఓపిగ్గా విని, కొంగులాంటి తన ఏప్రన్ అంచుతో మనవరాలి కళ్ళు తుడిచింది. గిన్నె ముందు పెట్టి, ఈసారి పక్కనే కూర్చుంది.