సోమలింగం చనిపోయిన పుస్తకం

పోయిన నెల ఒక పెళ్లిలో ఎవరో పిల్లవాడు నీళ్ల గ్లాసు ఒలకబోస్తే నా పట్టుచీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. తడిసిన పట్టుకు ఒక వాసన ఉంటుంది, కొంచెం గంజిలా, కొంచెం వానకు తడిసిన గొర్రె బొచ్చులా. ఆ వాసన ముక్కుకు తగిలిన సమయానికే వెనక వరసలో ఇద్దరు కుర్రవాళ్లు ఏదో అంతరిక్షం సినిమా గురించి గొంతులు చించుకుంటున్నారు. మూడో భాగంలో చచ్చినవాడు ఏడో భాగంలో ఎలా లేచొస్తాడని ఒకడు, కథన్నాక సవాలక్ష ఉంటాయని ఇంకొకడు. నాకిక కూర్చోబుద్ధి కాలేదు. తాళి కట్టేదాకా కూడా ఆగకుండా లేచి బయట వరండాలో అటూ ఇటూ తిరిగాను. మా వాళ్లంతా నాకు ఒంట్లో బాగలేదేమో అనుకున్నారు.

ధర్మవరంలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో రెండు మగ్గాలుండేవి. ఒక గుంతలో కాళ్లు పెట్టుకుని నాయన, ఇంకో గుంతలో మా దగ్గర కూలికి నేసే నాగప్ప తాత, గోడవార రాట్నం ముందు పట్టుపోగును కండెలకు చుడుతూ అమ్మ, ఆ ముగ్గురి మధ్య బోర్లించిన బిందె మీద నేను. నాకు పదకొండేళ్లు. నేను చుట్టిన కండెలు వదులుగా ఉండి, మగ్గంలో పోగును మోసుకుపోయే నాడెలో చిక్కుపడేవి కాబట్టి, ఈ పిల్ల చేతికంటే నోరే మేలని తేల్చి, పుస్తకాలు చదివి వినిపించే పని నాకిచ్చారు. నాడె అటు పోయి ఇటు వచ్చే లోపల ఒక మాట, మళ్లీ పోయి వచ్చే లోపల ఇంకో మాట, అలా మగ్గం చప్పుడు మీద గొంతు నిలబెట్టి చదవడం నాకు బడిలో పద్యాలకంటే ముందే వచ్చింది.

ఆ పుస్తకాలు 'గగనదళం' అనే పాకెట్ పుస్తకాలు. నెలకొకటి బస్సులో వచ్చేది, సైకిల్ షాపు ఖాదరన్న తెప్పించేవాడు. మొదట మాకిచ్చి, మేం చదివాక తీసుకుపోయి తన వీధిలో మగ్గాలవాళ్లకు తనే చదివి వినిపించేవాడు. 'గరుడ' అనే అంతరిక్ష నౌక, దానికి మేఘరాజ్ అనే కెప్టెన్, ఇంజన్ చూసుకునే మెకానిక్ సోమలింగం. మిగతా వాళ్లందరివీ నోరు తిరగని గొప్ప పేర్లయితే ఇతనొక్కడిదే మన పక్కింటి పేరు. పైగా చేతికి నూనె మరకలు, మాటకు ముందు తిట్టు, అందుకని మా వీధి మొత్తం కెప్టెన్‌ను వదిలేసి మెకానిక్‌ను పట్టుకుంది. ఆషాఢమాసం గాలికి ఎర్రదుమ్ము లేచి రేకులు దడదడలాడుతుంటే, చెనక్కాయ విత్తనం వేసినవాళ్లు వాకిట్లో నిలబడి మబ్బు కోసం మెడలు నొప్పి పుట్టేలా పైకి చూస్తుంటే, మేం లోపల అదే ఆకాశంలో ఇంకా పైకి పోతుండేవాళ్లం. నాగప్ప తాత కొత్త గ్రహం వచ్చినప్పుడల్లా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఆడన్నా వానలు పడతాయా పాపా?"

అమావాస్యనాడు నేతగాళ్లు మగ్గం గుంతలోకి దిగరు. ఆ రోజు తలంటు పోసుకుని, ఉడకేసిన చెనక్కాయలు ఒళ్లో పోసుకుని, ఖాదరన్న షాపు ముందు వేపచెట్టు నీడలో చేరేవాళ్లు. అక్కడ పుస్తకాన్ని చీర పరిచి తప్పులు వెతికినట్టు వెతికేవాళ్లు. కెప్టెన్‌కు కుడిచెంప మీద ఉన్న గాటు ఎడమచెంపకు ఎలా వచ్చింది? రెండో పుస్తకంలో ఆరునెలలు పట్టిన దారి తొమ్మిదో పుస్తకంలో అన్నం తినేలోపల ఎలా తెగింది? నీళ్లంటే భయమన్న సోమలింగం సముద్రంలో ఎలా ఈదాడు? అట్ట మీద పేరొకటే అయినా లోపల రాసేవాళ్లు ముగ్గురు నలుగురుంటారని ఖాదరన్న వాదన. వేల పోగుల్లో ఒక్కటి తప్పితే కనిపెట్టే మనుషులు వాళ్లు, వాళ్లను మోసం చేయడం ఏ రచయిత తరం! "పోగు తెగితే ముడెయ్యల్ల. తెగనట్టు నేసుకుంటా పోతే ఎట్లప్పా?" అనేవాడు మా నాయన. అచ్చు వేసేవాళ్లకు కార్డు రాయమని నన్ను కూర్చోబెట్టేవాళ్లు. నాలుగు రాశాను, ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఆ ఏడు ఉగాది ముందర నాగప్ప తాత భార్య ఓబులమ్మవ్వ అనంతపురం పెద్దాసుపత్రిలో పోయింది. కర్మలన్నీ అయ్యాక తాత మళ్లీ కొట్టానికి వచ్చి, గుంతలోకి దిగి, నాడె చేతికి తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా, "సోమలింగం ఏమైనాడు, సదువు" అన్నాడు. నేను కొత్త పుస్తకం తెరిచాను. సగం చదివేసరికి నౌకకు బొక్క పడింది. సోమలింగం నడుముకు తాడు కట్టుకుని బయటికి వెళ్లాడు. నా కళ్లు నోటికంటే రెండు వరసలు ముందు పోతుంటాయి కదా, అవి చూసేశాయి. తాడు తెగింది. సోమలింగం చనిపోయాడు.

తల ఎత్తితే తాత మెడ కనిపించింది, క్షవరం లేక నెరిసిన మెడ. నా నోరు దానంతట అదే తిరిగింది. తాడు తెగలేదని చదివాను. కెప్టెన్ లాగాడని, సోమలింగం లోపలికొచ్చి మంచినీళ్లడిగి తాగాడని చదివాను. "సెబాష్" అన్నాడు తాత.

ఆనాటి నుంచి నాకు కుదురు లేదు. ఆ తర్వాత రెండు పుస్తకాల్లో సోమలింగం ఊసే లేదు, అయినా నేను ప్రతి పుటలోనూ అతన్ని ఇరికించాలి, ఇంజన్ దగ్గర నిలబెట్టాలి, తిట్లు తిట్టించాలి. పుస్తకం మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇంకెవరి చేతికీ చిక్కకుండా పరుపు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. అమ్మ ఉగాదికి ఓళిగలు చేసి నెయ్యి పోసి పెడితే రెండోది దిగలేదు. ఖాదరన్న వీధిలో అసలు సంగతి ఎప్పుడో తెలిసిపోయింది. ఇంట్లో చావు జరిగిందని తాతా, ఆయనకు తోడుగా నాయనా రెండు అమావాస్యలు షాపు వైపు వెళ్లలేదు కాబట్టి బతికిపోయాను. మూడోది దగ్గర పడే కొద్దీ తేలు కుట్టిన దొంగలా లోపలే గిలగిలలాడాను.

మూడో అమావాస్యకు తాత వెళ్లాడు. నేను వద్దన్నా నాయన నన్నూ తీసుకెళ్లాడు. కాసేపటికే ఎవరో సోమలింగం లేక కథ చప్పగా అయిందన్నారు. తాత నవ్వాడు. బతికున్నవాణ్ణి చంపుతారేమప్పా, మా పాప నిన్నటిదాకా చదివింది కదా అన్నాడు. మాటా మాటా పెరిగింది. రెండు వీధులవాళ్లు లేచి నిలబడ్డారు. నాయన నన్నే వెనకేసుకొచ్చాడు: "ఒగే డిజైను రెండు మగ్గాల మింద రెండు తీర్లుగా రాదా? అచ్చులో గూడా అట్లనే తేడా వచ్చింటాది." సగంమంది తలలూపారు. ఆ మాటతో నేను గట్టెక్కేదాన్నే. కానీ ఖాదరన్న లోపలికెళ్లి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "వీళ్లింట్లో సదివిందీ ఇదే బుక్కు. నువ్వే సదువమ్మా, నీ నోటితోనే తేల్చు."

ఇరవైమంది ముందు చదివాను. తాడు తెగిందని చదివాను. "మల్ల ఆ పొద్దు సదివింది?" అన్నాడు తాత. నేనే కల్పించానని చెప్పాను, ఎందుకు కల్పించానో కూడా ఏడుస్తూ చెప్పాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేస్తాడనుకున్నాను. వేయలేదు.

"ఆ పొద్దు గూడా నాకు ఇట్లనే చెప్పినారు" అని లేచి వెళ్లిపోయాడు.

అదేమిటో ఆ సాయంత్రం అమ్మ చెప్పింది. ఓబులమ్మవ్వ పోయింది తెల్లవారుజామున. పొద్దున బస్సుకు ఆసుపత్రి నుంచి వచ్చి, తాత తమ్ముడి కొడుకు ఆ మాట చెప్పలేక, "కొంచెం తేరుకునిందిలే పెద్దనాయనా, చీర కోసేసి రా" అన్నాడట. మగ్గం మీదున్నది పెళ్లిచీర. తాత మధ్యాహ్నందాకా నేసి ముగించి, చీరను మగ్గం మీంచి కోసి, ఆమె తినడానికి రొట్టె కొనుక్కుని బస్సెక్కాడు.

ఆ తర్వాత కొట్టంలో చదువు ఆగిపోయింది. తాత వద్దని కూడా అనలేదు, అడగడం మానేశాడు, అంతే. నేను బిందె మీద కూర్చుని కండెలు చుట్టేదాన్ని, అవి చిక్కుపడేవి, నాయన విసుక్కోకుండా విప్పుకునేవాడు. అది తిట్టినదానికంటే ఎక్కువ బాధగా ఉండేది. వానాకాలం వానలేకుండా పోయింది. పీర్ల పండగ వచ్చింది, గుండం తవ్వారు, తప్పెట్ల మోతకు ఊరంతా ఊగుతుంటే నేను మాత్రం తాత ఎక్కడ ఎదురొస్తాడోనని సందులు మారి తిరిగాను.

పండగ అయిన వారానికి ఖాదరన్న సైకిల్ తొక్కుకుంటూ మా కొట్టానికే వచ్చాడు. మనిషి మండిపడుతున్నాడు. కొత్త పుస్తకంలో సోమలింగం బతికొచ్చాడు. ఎలా వచ్చాడో ఒక్క ముక్క లేదు, ఎప్పుడూ పోనట్టే ఇంజన్ దగ్గర నిలబడి తిడుతున్నాడు. "నాగప్పన్నా, నువ్వే గెలిచినావు పో" అని పుస్తకం మగ్గం మీద పడేశాడు. నేను అబద్ధం ఆడింది నిజమై కూర్చుంది, ఇక తాత నాతో మాట్లాడతాడనుకున్నాను.

మాట్లాడాడు. పుస్తకం ముట్టుకోకుండానే మాట్లాడాడు. "నాకొద్దప్పా ఇది. సచ్చినోడు సచ్చినాడు" అని, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి నా వైపు తిరిగాడు. "పాపా, ఆ పాత బుక్కు తే. ఆయప్ప సచ్చింది ఒగసారి సరిగ్గా సదువు."

ఖాదరన్న తనే సైకిల్ మీద వెళ్లి తెచ్చాడు. రెండు మగ్గాలూ ఆపారు. అమావాస్య కాని రోజు పట్టపగలు మా కొట్టం అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెరగను. బొక్క పడిన దగ్గర మొదలుపెట్టి, ఒక్క మాట తప్పకుండా, ఒక్క మాట కలపకుండా చదివాను. తాత రెండు చేతులూ నేతలో ఉన్న చీర మీద ఆనించి విన్నాడు. అయిపోయాక చాలాసేపు ఏడ్చాడు. మేం ఎవరం ఊరుకోమనలేదు. తర్వాత తువ్వాలతో ముఖం తుడుచుకుని నాడె తీసుకున్నాడు.

ఇప్పుడు ఆ కొట్టంలో గుంతలు పూడ్చి సిమెంటు పోశారు. కరెంటు మగ్గాల మోతలో ఎవరు చదివినా వినబడదు, చదివేవాళ్లూ లేరు. ఖాదరన్న షాపుండిన చోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. గగనదళం పుస్తకం ఒక్కటి దొరుకుతుందేమోనని ఎన్ని పాత పుస్తకాల అంగళ్లు తిరిగినా నాకు దొరకలేదు. అమావాస్యకు మగ్గం ఆపే ఆచారం కూడా సడలిపోయిందని ఇప్పటికీ అక్కడే ఉన్న మా తమ్ముడు చెబుతుంటాడు.

నాలుగేళ్ల కిందట వాడే ఒక పొద్దున ఫోన్ చేసి, నాయనకు ఒంట్లో బాగలేదు, వెంటనే బయల్దేరు అన్నాడు. గొంతు వింటే తెలిసిపోతుంది కదా. "నిజం చెప్పురా" అన్నాను. "పోయినాడక్కా, తెల్లారి నాలుగింటికి" అన్నాడు. హైదరాబాదు నుంచి ధర్మవరం దాకా ఏడుస్తూనే వెళ్లాను. అందుకే ఇల్లు చేరి నాయన ముఖం చూడగలిగాను.