రంగుతొట్టిలో ఏనుగు

పెళ్లిచూపుల్లో సిగ్గుతో ముఖం ఎర్రబడినవాళ్లను మీరు చూసే ఉంటారు. ఊదారంగుకు తిరిగిన పెళ్లికొడుకును మాత్రం చూసి ఉండరు. ఆ ఘనత నాది. ధర్మవరంలో, మా నట్టింట్లో, కాబోయే మామగారి ఎదురుగా నా పరువు ఎంత శుభ్రంగా పోయిందో చెబుతాను. నవ్వుకోవడానికి అభ్యంతరం లేదు. జాలిపడితేనే నాకు కోపం.

అప్పటికి బెంగళూరులో నా ఉద్యోగం ఊడి కొన్నాళ్లయింది. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. "ఇంటి నుంచే పని" అని నమ్మించి, మిద్దెమీది గదిలో లాప్‌టాప్ పెట్టుకుని తలుపేసుకున్నాను. లోపల నేను వెలగబెడుతున్న పని ఏమిటయ్యా అంటే, ఏనుగులను రంగుతొట్లలో ముంచడం.

మీ ఇంట్లో పసిపిల్లలుంటే మీకు వివరించనక్కర్లేదు. ఫోన్‌లో వాళ్లు నోరు తెరుచుకుని చూసే వీడియోలు ఉంటాయి కదా, అవి. ఏనుగు నడుచుకుంటూ వస్తుంది, ఎర్రతొట్టిలో పడుతుంది, ఎర్రగా లేచి గంతులేస్తుంది, అట్లాగే పోయి పచ్చతొట్టిలోనూ పడుతుంది. తర్వాత ఆవు వచ్చి నీలంతొట్టిలో పడుతుంది. ఎందుకు పడతాయి, చూసుకుని నడవచ్చు కదా అని మీరు అడగకూడదు. చివర్లో మీసాల మామ ఒకడు వచ్చి జారిపడి "అయ్యయ్యయ్యో... హో!" అని అరుస్తాడు. కనపడని పిల్లలెవరో కిలకిలా నవ్వుతారు. అంతే కథ.

బొమ్మలు కంప్యూటరే గీస్తుంది, పాట కంప్యూటరే కడుతుంది. నేను జంతువును మార్చి, రంగును మార్చి లోకం మీదికి వదులుతాను. పొద్దున కాఫీ తాగి కూర్చుంటే అన్నం వేళకు ఒక అడవినంతా ముంచేసేవాణ్ణి. చేసినదాన్ని తిరిగి చూసే తీరిక కూడా లేదు. ఒకసారి పొరపాటున ఏనుగుకు ఆరు కాళ్లొచ్చాయి. పిల్లలు దాన్నే విరగబడి చూశారు. దాంతో కళ మీద నాకున్న కాస్త గౌరవమూ పోయింది.

ఆ అరుపు మాత్రం నా సొంతం. వీధిలో మగ్గాల చప్పుడు అందులో పడకూడదని, మండే ఎండాకాలంలో రగ్గు ముసుగేసుకుని రికార్డు చేశాను. ఊపిరాడక అరిచాను కాబట్టి నటన అక్కర్లేకపోయింది. ఆ ఒక్క అరుపునే వీడియోలన్నిటికీ అతికించాను.

మా అక్క కూతురు మోక్షి ఆ వీడియోలకు బానిస అయింది. పక్క వీధిలో ఉండే అక్క మగ్గం మీద కూర్చునేటప్పుడు పిల్లను మా ఇంట్లో వదిలేది. ఫోన్ పెడితేగాని అది ముద్ద మింగదు.

"ఎవుడురా వీడు? పొద్దన్నుంచీ కొంప మునిగినట్ల అరుస్తాండాడు," అని అమ్మ విసుక్కునేది.

"ఎవుడో పనీపాటా లేనోడులేమ్మా," అనేవాణ్ణి నేను, గంభీరంగా.

నాయన బాధ వేరు. మాది పట్టునూలుకు రంగులేసే ఇల్లు. ఆయన మోక్షి భుజం మీదుగా వంగి చూసి, "ఎర్రలోంచి తీసినాడు, కడగకుండా పచ్చలో ముంచినాడు. రంగు చెడిపోదా? వీనికి పని నేర్పిచ్చినోడు యాడుండాడో!" అని తల కొట్టుకునేవాడు. నా వీడియోల మీద సాంకేతికంగా వచ్చిన విమర్శ అదొక్కటే.

ఇంతలో సోమందేపల్లె నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి బడిపంతులు. పిల్ల పేరు లావణ్య. ఫోటో చూసిన రోజే నేను పడిపోయాను, ఏ తొట్టీ లేకుండానే. "ఆ అబ్బోడు ఏం పని చేస్తాడో, ఇల్లెట్లుండాదో నేనే చూసుకుంటా" అని ఆ అమ్మాయి కబురు పెట్టిందట. ఆదివారం తండ్రీకూతుళ్లు ఇద్దరూ వస్తున్నారు. ఈ సంబంధం తప్పిపోతే నేను బతకలేనని అనిపించింది. ఆ వయసులో అట్లాగే అనిపిస్తుంది.

వాళ్లు వచ్చే వేళకు మోక్షి అల్లరి చేయకూడదు కదా. నేనే దాని చేతికి ఫోనిచ్చి, వీడియో పెట్టి, పెరట్లో కూర్చోబెట్టి వచ్చాను. ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మా ఊళ్లో కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి కాబట్టి, నూలు ముంచగా మిగిలిన రంగునీళ్లను కూడా మేం పారబోయం. లేతరంగులకు పనికొస్తాయని పెరట్లో తొట్లలో ఉంచుతాం. గులాబీ, పచ్చ, ఊదా, వరసగా. వీడియోలో ఉన్నట్టే.

నాకు ఆ క్షణాన అది తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథ లేదు.

నట్టింట్లో పలహారాలయ్యాయి. పంతులుగారు కళ్లజోడు సవరించుకుని, "ఏం పని బాబూ నీది?" అని అడిగాడు.

"పిల్లల విద్యారంగం సార్. పసిపిల్లల మెదడు వికసించేటట్ల..."

"మంచి పనప్పా! ఈ కాలంలో అట్లాంటోళ్లే కావాల. మా మనవడు ఒగడుండాడు. ఏదో దరిద్రపు వీడియో పెడితేగాని అన్నం తినడు. దాంట్లో ఒగడు 'అయ్యయ్యయ్యో' అని అరుస్తాడు. ఆ గొంతు వింటే నాకు బీపీ పెరుగుతాది."

"అట్లాంటోళ్లని స్తంభానికి కట్టేయాల సార్," అన్నాను. లావణ్య నా వైపు మెచ్చుకోలుగా చూసింది. సరిగ్గా అప్పుడే గులాబీరంగు పుంజు ఒకటి గదిలోకి నడిచి వచ్చింది.

దాని వెనకాలే మేకపిల్ల. ముందు సగం తెలుపు, వెనక సగం చిలకపచ్చ. వాటి వెనకాల పక్కింటి మస్తాన్‌మామ, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని.

"ఏమప్పా సూరీ! నా తెల్లపుంజును ఏం చేసినారప్పా? ఈ మేకపిల్లను చూడు, సగమే ఉండాది రంగు!" అని నన్ను నిలదీశాడు.

"బరువుంది, ఎత్తలేకపోయినా," అంది మోక్షి గుమ్మంలోంచి, సంజాయిషీగా. మోచేతుల దాకా దానికీ మూడు రంగులున్నాయి.

నాయన మేకపిల్ల బొచ్చును వేళ్లతో విడదీసి వెలుతురులో చూశాడు. "అయినా సమంగా పట్టింది మస్తానూ," అన్నాడు, ఆపుకోలేక.

అమ్మ మోక్షి చెవి పట్టుకుంది. "ఎవరే నీకు ఇది నేర్పిచ్చినది?"

మోక్షి ఫోన్ అమ్మ చేతిలో పెట్టింది. తెరమీద ఆరుకాళ్ల ఏనుగు గంతులేస్తోంది. ఇంక చూడండి, గదిలో ఉన్నవాళ్లంతా ఏకమయ్యారు. "వాని నోరు పడిపోనూ," అంది అమ్మ. "వాణ్ణి జైల్లో పెట్టాల," అన్నాడు పంతులుగారు. "నా పుంజుతో వాని ముఖాన పొడిపిస్తా," అన్నాడు మస్తాన్‌మామ. అందరూ తిడుతుంటే నేను గమ్మునుంటే అనుమానం రాదా? లేచి నిలబడి, అందరికంటే గట్టిగా, "వాడు నాకు దొరికితేనా, వాణ్ణే తీసుకోనిపోయి తొట్లో ముంచుతా!" అన్నాను. రొమ్ము విరుచుకుని మళ్లీ కుర్చీలో కూర్చున్నాను.

మోక్షి ఆ మాట విన్నది. అయినా దానికి మాటలతో పనిలేదు, కథ తెలుసు. ఏనుగయ్యాక, ఆవయ్యాక చివర్లో ఎవరి వంతో తెలుసు. అది పెరట్లోకి వెళ్లిందీ, చెంబుతో వచ్చిందీ, నా వెనక మంచం ఎక్కిందీ ఎవరూ గమనించలేదు.

"ఇంగ నీ వంతు మామా," అనే మాట చెవిలో పడింది. నెత్తిమీది నుంచి ఊదారంగు దిగింది.

"అయ్యయ్యయ్యో... హో!"

అదే సమయానికి అమ్మ చేతిలో ఫోన్ కూడా, "అయ్యయ్యయ్యో... హో!"

రెండూ కలిసి ఎంత బాగా వచ్చాయంటే, సాధన చేసినా అట్లా కుదరదు. గదిలో అందరూ నావైపు తిరిగారు. పుంజు కూడా తల వంచి నన్నే చూసింది.

పంతులుగారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. "ఇంగోసారి అను బాబూ."

"ఏమి సార్?"

"అదే. ఇప్పుడన్నది."

"అయ్యో..." అన్నాను, సన్నగా.

"పూర్తిగా."

లావణ్య కొంగు నోట్లో కుక్కుకుంది. "అక్కర్లేదు నాయనా, ఆ గొంతే. దినామూ మూడు పూటలా వింటాండాం కదా!" అని, ఇక ఆగలేక పడీపడీ నవ్వింది.

అన్నిటికంటే నన్ను కొట్టింది ఆ నవ్వు కాదు. మోక్షి పెదవి వణుకుతోంది. "అందరూ నన్నెందుకు కోప్పడతాండారు? వీడియోలో అందరూ నవ్వుతారు కదా మామా?" అంది. పిల్ల ఎంత శ్రద్ధగా చూసిందో, నేను ఎంత అశ్రద్ధగా చేశానో అప్పుడు తెలిసింది. నిజంగా సిగ్గేసింది. ఊదారంగు మీద అది ఎవరికీ కనపడలేదు, అంతే. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఉద్యోగం ఊడిన సంగతి దగ్గర్నుంచి రగ్గు ముసుగు దాకా అందరి ముందూ కక్కేశాను.

నాయన నా నుదుటి మీది ఊదాను వేలితో రుద్ది చూశాడు. చివరికి, "కడగకుండా ముంచింది నువ్వేనా రా!" అన్నాడు. ఉద్యోగం సంగతి ఆయన అంతగా పట్టించుకోలేదు.

సంబంధం పోయిందనే అనుకున్నాను. కానీ సాయంత్రం లావణ్య దగ్గర్నుంచి ఫోన్. "అవన్నీ తీసేసి, ఒళ్లొంచి ఏదన్నా పని చేస్తేనే మాట్లాడతా," అంది. ఆ పూటే తీసేశాను, ఆరుకాళ్లదాన్ని కూడా. నాయన పక్కన కూర్చుని రంగులేయడం నేర్చుకున్నాను. పంతులుగారు ఒప్పుకోవడానికి మరి కొంత కాలం పట్టింది. మస్తాన్‌మామ పుంజు మాత్రం ఈకలు రాలేదాకా గులాబీగానే తిరిగి వీధిలో పెద్ద పేరు తెచ్చుకుంది. ముహూర్తం వేళకు నా చెవుల వెనక ఇంకా రోంత ఊదా మిగిలే ఉంది.

కాబట్టి నా పట్టు తొట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ జంతువునూ ఏ రంగులోనూ ముంచను, ప్రాణం పోతున్నా ఆ అరుపు అరవను. ఇప్పటికీ ఆ మాట తప్పలేదు. మొన్న మంచంకోడు కాలి చిటికెనవేలికి తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు తెరిచాను.

"ఏమో అనబోతివే?" అంది వంటింట్లోంచి లావణ్య.

"ఏం లేదు," అన్నాను కాలు పట్టుకుని కుంటుతూ. "వంట వాసన శానా బాగుంది అంటాండా."