ప్రసాద్ బావ షోలో నేను కోసేసిన నిమిషం

నిన్న పొద్దున్న ఫోన్ వచ్చింది. "ప్రసాద్ బావ పోయాడ్రా" అన్నారు.

"ఏ ప్రసాద్ బావ?" అని అడిగాను.

తెలిసే అడిగాను. వేరే ఎవరైనా అవుతారేమోనని.

ఒకప్పుడు పలాసలో రాత్రి పదింటికి లోకల్ కేబుల్‌లో బావ టాక్ షో పెట్టని ఇల్లు లేదు. గంట సేపు. జీడిపప్పు వ్యాపారులు, స్టీలు సామాన్ల షాపులు, ట్యూషన్ సెంటర్లు, అందరూ యాడ్స్ ఇచ్చేవాళ్లు. కెమెరా, ఎడిటింగ్ నేను.

తర్వాత యాడ్స్ ఫోన్లలోకి పోయాయి. గంట కాస్తా అరగంటైంది. చివరికి చానల్ వాళ్లు షో ఎత్తేశారు.

బావ మాత్రం ఆపలేదు. ఇంట్లోనే రెండు కుర్చీలు వేసి, యూట్యూబ్‌లో పెట్టమన్నాడు.

గంట వీడియో ఎవరు చూస్తారు? ముక్కలు చేస్తేనే వ్యూస్. వ్యూస్ ఉంటేనే నాలుగు డబ్బులు. అందుకే నేను ముక్కలు చేశాను.

ఒకసారి భావనపాడు నుంచి ఎర్రమ్మ వచ్చింది. సముద్రంలో చేపల వేటకెళ్లిన భర్త తిరిగి రాలేదు.

"ఆయన ఎలాటోడమ్మా?" అని బావ అడిగాడు.

ఆమె మాట్లాడలేదు. నిమిషం గడిచింది. ఇంకో ప్రశ్న వెయ్యమని కెమెరా వెనక నేను చేతులు ఊపుతూనే ఉన్నాను. బావ నా వైపు చూడలేదు.

అప్పుడు ఎర్రమ్మ అంది. "సేప ముళ్లు ఏరి, నాకెట్టి తినీవోడు బాబూ."

ఆ నిమిషం కోసేశాను. ప్రశ్న, వెంటనే జవాబు. మాకు అన్నిటికన్నా ఎక్కువ వ్యూస్ ఆ క్లిప్‌కే.

బావ సంతోషిస్తాడనుకున్నాను.

"ఏటిరా ఇది? ఆ నిమిసమంతా ఆవిడ మొగుడితోనే ఉన్నాది. నువ్వు ఆవిడ్ని మద్దిలోంచి లాక్కొచ్చీసినావు."

నాకు ఒళ్లు మండింది. "మరి కరెంటు బిల్లు మౌనమెట్టి కడతావా బావా?" అనేశాను.

నవ్వి, టీ పెట్టడానికి లేచాడు.

నిన్నటి నుంచి గ్రూపులన్నిటిలో ఆ క్లిప్పే. కింద దండం బొమ్మలు. నేను కోసిందే. చూసి చూసి అలసిపోయాను.

ఈరోజు పొద్దున్న పాత హార్డ్ డిస్క్‌లో మొత్తం వీడియో దొరికింది. కింద పెడుతున్నాను. గంట. యాడ్స్ లేవు.

నలభయ్యో నిమిషం దగ్గర ఎవరూ మాట్లాడరు. మీ ఫోన్ పాడవలేదు. దయచేసి ముందుకు జరపకండి.

సాయంత్రం నాలుగింటికి మన చర్చిలో ప్రార్థన, తర్వాత సమాధి. రాగలిగినవాళ్లు రండి.

క్షమించు బావా. వెళ్లిరా. ప్రభువు దగ్గర నిన్ను తొందరపెట్టేవాళ్లు ఉండరు. ప్రశాంతంగా కూర్చో.