పదో చేప

అప్పట్లో, ప్రపంచంలో నాకు తెలియని విషయం ఒకటి ఉంటుందన్న సంగతే నాకు తెలియదు. పట్టా చేతికి వచ్చిన కొత్త. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. "తెలియదు" అనే మాట నా నోటి నుంచి వస్తే నాతోపాటు మా వాళ్లందరూ పరీక్ష తప్పినట్టేనని నాకు గట్టి నమ్మకం. చదివింది జంతుశాస్త్రం. చేప గుండెకు ఎన్ని గదులుంటాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. (బతికి ఉన్న చేపను మాత్రం అంతవరకు వంటింటి బేసినులో తప్ప చూసి ఎరుగను. ఆ విషయం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

నల్లపాడు దాటాక రోడ్డు పక్కనే ఉండే ఒక మిర్చి శీతల గిడ్డంగిలో, మూడు నెలల పరీక్షాకాలం మీద నాకు ఉద్యోగం దొరికింది. దొరికింది అనడం కంటే నాన్న ఇప్పించాడు అనడం న్యాయం. నాన్న అక్కడే హమాలీ. ఇరవై ఏళ్లుగా మిర్చి టిక్కీలు (గోనె బస్తాలను మా వైపు అలాగే అంటారు) వీపు మీద మోసిన మనిషి. నేను గుంటూరులో హాస్టల్లో ఉండేదాన్ని, నాన్న తోటివారితో కలిసి గిడ్డంగి వెనక షెడ్డులో ఉండేవాడు. "మా అమ్మాయి చేపల శాస్త్రం చదివిందండి" అని నాన్న యజమానితో గర్వంగా అన్న మాటే నా కొంప ముంచింది. సరిగ్గా ఆ నెలలోనే వాస్తు దోషం పోవడానికని మా కార్యాలయం ఈశాన్య మూలలో పెద్ద గాజుతొట్టె వెలిసింది. అందులో బొటనవేలంత బంగారు చేపలు తొమ్మిది. తొమ్మిదికి తగ్గకూడదని వాస్తు చూసినాయన మరీ మరీ చెప్పి వెళ్లాడు. పది రోజులు గడిచాక యజమాని బావమరిది అదృష్టం కోసమంటూ ఇంకొక చేపను తెచ్చాడు. దాన్ని ఫ్లవర్‌హార్న్ అంటారు. జానెడు పొడవు, బొప్పి కట్టినట్టున్న నుదురు, ఎర్రటి కళ్లు.

"ఏమ్మా, ఇదీ అవీ కలిసుంటాయంటావా?" అని యజమాని అడిగారు.

"స్థలం విశాలంగా ఉండి, మేత వేళకు అందితే, శాంత స్వభావం గలవీ దూకుడు స్వభావం గలవీ సహజీవనం చేయగలవండి" అన్నాను. ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు. నేను ఆ క్షణంలోనే కట్టాను.

"చదువుకున్నోళ్ల మాటే వేరండి" అన్నారు పక్క బల్ల మీద లెక్కలు రాస్తున్న గుమాస్తా గారు.

"సరే, పూచీ నీదే. తొమ్మిదికి ఒక్కటి తగ్గినా ఊరుకోను. నీ ఉద్యోగం సంగతి ఉగాది వెళ్లాక చూద్దాం" అన్నారు యజమాని.

ఫ్లవర్‌హార్న్‌ను తొట్టెలో వదిలి, అవి మచ్చిక కావాలని నేనే చేయి నీళ్లలో పెట్టాను. చిన్నవీ పెద్దదీ అన్నీ పిచ్చిపట్టినట్టు అద్దానికి కొట్టుకున్నాయి. "పరిచయ దశలో ఇది సహజం" అని ప్రకటించాను. (అంతకు కాసేపటి ముందే మిర్చి నమూనాలు చేత్తో నలిపి చూసి వచ్చాను.)

నాలుగో రోజు ఒక చేప కనిపించలేదు. మూత బిగించే ఉంది. నేల పొడిగా ఉంది. తొట్టెలో ఒక్క పొలుసు ముక్క కూడా లేదు. ఫ్లవర్‌హార్న్ మూలన గోడవైపు తిరిగి, తపస్సు చేస్తున్నట్టు కదలకుండా ఉంది. "ఆ పోయిన చేప ఎవరిదో గండం ఎత్తుకుపోయిందమ్మా" అన్నారు గుమాస్తా గారు గొంతు తగ్గించి. ఆ మధ్యాహ్నమే లోపలి గదిలో ఒక టిక్కీల వరస, ఎవరూ ముట్టకుండానే ఒరిగి కూలింది. అంతకు క్షణం ముందే అక్కడి మనుషులు మంచినీళ్లకని బయటికి వచ్చారు. అప్పటి నుంచి ఆ తొట్టె ముందు నడిచేవారు చెప్పులు విడిచి నడవసాగారు. యజమాని మాత్రం కొత్త చేపను తెప్పించి వేయిస్తూ, "ఒకటంటే గండం. రెండోది పోతే మాత్రం నీ చదువు సంగతే చూడాల" అన్నారు.

రెండోది పోయింది. మూడోదీ పోయింది. సాయంత్రం లెక్క తగ్గితే, బజారులో ఒక చేపను కొని, కడిగిన ఊరగాయ సీసాలో తెచ్చి, పొద్దున్నే ఎవరూ రాకముందే వదిలేదాన్ని. యజమాని తొమ్మిదిన్నరకు అగరువత్తి వెలిగించి, చిన్నవాటిని వేలితో లెక్కపెట్టి, తృప్తిగా తల ఊపేవారు. గిడ్డంగి తలుపులు తెరిచినప్పుడల్లా లోపలి చలి పొగలా నేల మీద పాకుతూ వచ్చి తొట్టె కాళ్లను చుట్టుకునేది. యంత్రం హోరుకు నీళ్లు సన్నగా వణుకుతూనే ఉండేవి. హోరు ఆగిన క్షణాన ఆ ఎర్రకన్ను మెల్లగా నా వైపు తిరిగేది.

ఒక ఉదయం సీసాతో లోపలికి వస్తుంటే గేటు దగ్గర యజమాని కారు హారన్ వినిపించింది. లెక్కపెట్టే వ్యవధి లేక సీసా వంచేశాను. యజమాని అగరువత్తి పట్టుకుని, "...ఎనిమిది, తొమ్మిది..." అని ఆగారు. అటువైపు నుంచి మళ్లీ లెక్కపెట్టారు. బూడిద ఆయన చొక్కా మీద రాలింది.

"పది! ఏమ్మా, పిల్లల్ని పెట్టిందా?"

"ఇవి గుడ్లు పెట్టే జాతండి" అన్నాను. శాస్త్రం ఆ గడ్డు క్షణంలో కూడా నన్ను వదల్లేదు.

గుమాస్తా గారు వంగి చూసి రెండడుగులు వెనక్కి వేశారు. "అయ్యగారూ, దాని తోక చూడండి, చిరిగుంది. మొదట పోయిందే, దాని తోకా ఇట్టాగే ఉండేదండి. పోయింది తిరిగొచ్చింది!" మొదటి చేప తోక ఎలా ఉండేదో అంతవరకు ఎవరికీ గుర్తులేదు. ఆయన అన్నాక అందరికీ గుర్తొచ్చింది, నాకు కూడా.

మర్నాటికి పదకొండు. నేను ఏ చేపనూ తేలేదు. జంతుశాస్త్ర పట్టభద్రురాలినైన నేను నా నీడ తొట్టె మీద పడకుండా గోడ వెంట నడవడం మొదలుపెట్టాను.

ఏమైనా కానీ కళ్లారా చూడాలని, ఆ మర్నాడు ఆరు గంటలకే వెళ్లాను. కార్యాలయం తలుపు ఓరగా తెరిచి ఉంది. దీపాలు లేవు, తొట్టెలోని నీలి వెలుగు ఒక్కటే ఉంది. నేలంతా తెల్లటి చలి పాకుతోంది. ఆ వెలుగులో, నీళ్లకు పైన, మణికట్టు దాకా ఎర్రగా ఉన్న ఒక చెయ్యి. నా గొంతులోంచి వచ్చిన శబ్దం నాదేనని ఇప్పటికీ ఒప్పుకోలేను.

"అరవమాకమ్మా, చేపలు బెదురుతాయి" అంది ఆ చెయ్యి.

"నాన్నా! ఏం చేస్తున్నావు?"

నాన్న రెండో చేతిలో స్టీలు క్యారేజీ గిన్నె ఉంది, అందులో ఒక బంగారు చేప. లారీ చీటీలు బల్ల మీద పెట్టడానికి నాన్న రోజూ ఆ వేళకు వస్తాడన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"తగ్గుతున్నయ్యి గదా, నీ మాట పోద్దని మూడు రోజుల్నుంచి లెక్క చూడకుండా రోజూ ఒకటేస్తన్నా. మొన్న మూతలో పడి పాపం ఒకదాని తోక నలిగింది."

"నేనూ వేస్తున్నాను నాన్నా! మరి నాతో చెప్పొద్దా?"

"మా పనిలో చెప్పుకోవటం ఉండదమ్మా. టిక్కీ పగిలితే కాటాకి ఎక్కేలోపు పోయిన కాయ ఎత్తి లోటు పూడ్చేస్తాం. ఎవడి వీపు మీద పగిలిందో అడగం."

నాన్న చెయ్యి నీళ్లకు తగలకుండా గిన్నె వంచాడు. ఎందుకలా అని అడిగితే, "మిర్చి చెయ్యి. వాటికి మండుద్ది" అన్నాడు. చేప జారి నీళ్లలో పడింది. మూలన ఉన్న తపస్వి తిరిగింది. నోరు తెరిచింది, మూసింది. కొత్త చేప లేదు, చప్పుడు లేదు, నీటి మీద ఒక్క అల కూడా లేదు. మళ్లీ గోడవైపు తిరిగింది. నాన్న ఖాళీ గిన్నెకు మూత పెట్టాడు.

"మేలు రకం తేజ కాయా పాలిపోయిన తాలు కాయా ఒక్క వరసలో పేరుస్తామా? దీన్ని వేరే పెట్టమ్మా."

"నీకు ముందే తెలుసా?"

"మొదటిరోజే. దాని మొహం చూస్తే తెలవట్లా?"

"మరి చెప్పలేదేం?"

"చదివినదానివి నువ్వు. అందరి ముందు నేనెట్టా చెప్తా?"

తొమ్మిదిన్నరకు యజమాని అగరువత్తి వెలిగించకముందే ఎదురెళ్లి, "నాకు తెలియదండి" అన్నాను. ఆ మాట అంత తేలికగా నోటి నుంచి వస్తుందని అనుకోలేదు. జరిగిందంతా చెప్పాను. ఆయన ఫ్లవర్‌హార్న్‌ను చాలాసేపు చూశారు. "ఈ ముక్క ముందే అనుంటే చేపలన్నా మిగిలేవి గదమ్మా" అని, నాన్నను పిలిపించి, "కూర్చో" అని ఎదుటి కుర్చీ చూపించారు. ఇరవై ఏళ్లలో నాన్న ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. చేతికి మిర్చి ఉందని, కుర్చీ చేతుల మీద చెయ్యి ఆనించకుండా, రెండు అరచేతులూ గాల్లో పట్టుకుని, అంచున కూర్చున్నాడు. వేరే తొట్టె ఎంత ఉండాలో, ఎక్కడ పెట్టాలో నాన్నే చెప్పాడు. నేను రాసుకున్నాను. ఉగాది వెళ్లాక ఉద్యోగం ఖాయమైంది. (గుమాస్తా గారు మాత్రం చిరిగిన తోకకు నమస్కారం పెట్టడం మానలేదు.)

ఇప్పుడు ఆ కార్యాలయం నా అజమాయిషీలో ఉంది. తొట్టెలు రెండు. మోకాళ్లు అరిగి నాన్న బరువులు మోయడం మానేసి మా ఊళ్లోనే ఉంటున్నాడు. కొత్తగా చేరిన పట్టభద్రులు నన్ను ఏదైనా అడిగితే, తెలియనిదాన్ని తెలియదనే చెబుతున్నాను. వాళ్లు నన్ను కొంచెం అనుమానంగా చూస్తారు. రోజూ ఉదయం దీపాలు వేయకముందే, చలి నేల మీద పాకుతుండగా, ఆ నీలి వెలుగులో చేపల్ని లెక్కపెడతాను. తొమ్మిదే ఉంటాయి. ఒకప్పుడు నాన్న వేసిన పదో చేపకు హడలిపోయిన ఈ మనిషే, తొమ్మిది అయ్యాక కూడా వేలు దించకుండా, ఇంకాసేపు ఆగి చూస్తూ ఉంటుంది.