మంచులో బాలింత

డునెడిన్‌లో మా మొదటి చలికాలం, పొట్టి లాగులు వేసుకుని మంచులో పరిగెత్తే కివీలను, అంటే ఈ న్యూజిలాండ్ వాళ్ళను, కిటికీలోంచి చూసి తెగ నవ్వుకునేదాన్ని. వీళ్ళకు వేరే పని లేదా, లేక ఒంటి మీద తీపి లేదా అని మా ఆయనతో అనేదాన్ని. నేను రెస్ట్ హోమ్‌లో నర్సుని. రోజంతా ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టి వచ్చాక, బస్‌స్టాప్ నుంచి ఇంటిదాకా కొండెక్కడమే నాకు ఎక్కువ.

రెండో చలికాలంలో నేనూ పరిగెత్తాను. ఒక్కరోజే. అది రెండు వేల నాలుగో, ఐదో.

అప్పటికి పాప పోయి పదకొండు రోజులు. నెలలు నిండాక కడుపులోనే కదలడం మానేసింది. కాన్పయ్యాక తెల్లటి దుప్పట్లో చుట్టి తెచ్చారు. కావలసినంతసేపు పెట్టుకోమన్నారు, ఫొటో తీస్తామన్నారు. మాలో అలా తీయరని చెప్పాను. అది నిజమో కాదో నాకే తెలియదు. ఒక్కసారి చూసి ముఖం తిప్పేసుకున్నాను.

అమ్మకు వీసా రాలేదు. ఇక్కడికి రాకముందు ఆక్లాండ్‌లో మేం మౌంట్ రాస్కిల్ పేటలో ఉన్నప్పుడు పక్కింట్లో ఉండిన గుంటూరు ఆంటీ నా కాన్పుకు వస్తానని ముందే టికెట్ కొనుక్కుంది. వాము, శొంఠి, కేజీలకు కేజీలు వెల్లుల్లి సూట్‌కేసు నిండా సర్దుకుని, అంతా అయిపోయిన మర్నాడు దిగింది. నన్ను పట్టుకుని ఒక్కసారి ఏడ్చింది. ఆ తర్వాత ఏడవలేదు, పాప మాటా ఎత్తలేదు. మా ఆయనా ఎత్తలేదు. ఫోన్ చేసిన చర్చి వాళ్ళు కూడా దేవుని చిత్తం అని ప్రార్థన చేసి పెట్టేసేవాళ్ళు. అందరి మీదా ఒళ్ళు మండిపోయేది నాకు.

పథ్యం మాత్రం ఆంటీ తప్పకుండా పెట్టింది. వెల్లుల్లి కారం, నెయ్యి, బీరకాయ కూర. తాగడానికి వేణ్ణీళ్ళు. తలకు గుడ్డ, చెవుల్లో దూది. ఆస్పత్రి చదువు చదివినదాన్నయినా నోరెత్తకుండా అన్నీ చేయించుకున్నాను. నేనొక బిడ్డను కన్నానని ఆ ఇంట్లో ఒప్పుకున్నది ఆ దూది ఒక్కటే.

ఇంకోటి పాలు. అవి ఆగలేదు. ఫ్రిజ్‌లో పెట్టిన క్యాబేజీ ఆకులు రొమ్ములకు కట్టుకుంటే తగ్గుతాయని మిడ్‌వైఫ్ చెప్పింది. ఆకు వాడిపోయేది, తీసి ఇంకొకటి కట్టుకునేదాన్ని. క్యాబేజీ సగానికి వచ్చింది.

ఆ రోజు తెల్లారేసరికి మంచు కప్పేసింది. మా కొండ మీదికి బస్సులు రాలేదు. మా ఆయన నడిచే డ్యూటీకి వెళ్ళాడు. మధ్యాహ్నం ఆంటీ నా ముందు కంచం పెట్టింది. చూస్తే శనగపప్పు వేసిన క్యాబేజీ కూర, పక్కన ఆవకాయ.

బాలింతకు క్యాబేజీ పెట్టరు, వాతం చేస్తుందని. ఆవకాయ అసలు పెట్టరు, పాలు తాగే బిడ్డకు పడదని. అంటే తాగే బిడ్డ లేదు కాబట్టి నేనిక బాలింతను కానని ఈవిడ తేల్చేసిందన్నమాట.

చెవుల్లో దూది తీసి కంచం పక్కన పెట్టాను. తలగుడ్డ లాగేశాను. నైటీ మీద స్వెట్టరుతో, మా ఆయన బూట్లలో కాళ్ళు దూర్చి బయటపడ్డాను.

వీధి దిగుడుగా ఉంది. పరిగెత్తాను. కుట్లు పట్టి లాగుతున్నాయి, పాదాలు బూట్లలో జారుతున్నాయి, చలి చెవుల్లోంచి దవడల దాకా దిగింది. చలిగాలి తగిలితే బాలింతకు సన్ని కమ్మి ప్రాణం మీదికొస్తుందని పెద్దవాళ్ళు బెదిరిస్తారు కదా, అది రావాలని కోరుకున్నాను. సన్ని కమ్మితే అప్పుడైనా నేను బాలింతనని అందరూ ఒప్పుకోవాలి. చస్తే చస్తాను, ఒప్పుకుంటే చాలు.

ఎదురుగా ఒక కివీ పొట్టి లాగుతో పరిగెత్తుకుంటూ వచ్చి, నన్ను చూసి మెచ్చుకోలుగా చెయ్యెత్తి వెళ్ళిపోయాడు. నేనూ తనలాగే ఒళ్ళు గట్టిపడాలని పరిగెత్తుతున్నాననుకున్నాడు కాబోలు.

వీధి చివర జారి పడ్డాను. లేవబుద్ధి కాలేదు. స్వెట్టరు ముందు భాగం పాలతో తడిసి వెచ్చగా తగిలి, వెంటనే చల్లబడిపోయింది.

ఆంటీ వచ్చింది. అరవై దాటిన మనిషి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కంచెలు పట్టుకుంటూ, జారుతూ, పరిగెత్తి వచ్చింది. తిట్టలేదు. నా పక్కన మంచులోనే కూలబడి పిడికిలి విప్పింది. అందులో నేను తీసి పెట్టిన దూది.

"పెట్టుకోమ్మా, బాలింతవి," అంది. ఊపిరి అందాక మళ్ళీ అంది, "చప్పిడి ముద్ద దిగట్లేదు కదా, కాస్త నోటికి రుచిగా ఉంటే తింటావని పెట్టా. నాకు బుద్ధి లేదు."

కోపం అంతా ఎటు పోయిందో. పదకొండు రోజులుగా గొంతులో ఉన్నది బయటికొచ్చింది.

"పాప ఎవరి పోలికని ఒక్కళ్ళూ అడగలేదేంటి ఆంటీ?"

ఆమె నా ముఖం మీది మంచు కొంగుతో తుడిచింది. "ఎవరి పోలికమ్మా?"

చెప్పబోయాను. ముక్కు ఎలా ఉందో గుర్తు రాలేదు. నుదురు గుర్తు రాలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని చూశాను. తెల్లటి దుప్పటి కనబడింది, దాని అంచున నల్లగా జుట్టు. అంతకు మించి నేను చూసుకోలేదు.

"జుట్టుంది ఆంటీ. చాలా ఉంది," అన్నాను.

నేను ఇంకా ఏదో చెబుతానని ఆమె ఎదురుచూసింది. చివరికి దూదిలోని తడిని పిండేసి నా చెవుల్లో పెట్టింది.