క్యూబా ఆంటీ పడవెక్కిన రోజు

టొరంటో ఎయిర్‌పోర్ట్ దగ్గర ఎటోబికోలో బన్నులు చేసే ఫ్యాక్టరీలో పార్ట్‌టైమ్ చేసే రోజుల్లో, బన్ను వాసన తగిలితేనే ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు మిల్టన్‌లో మా వీధి చివరి బేకరీ దగ్గరికి రాగానే కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. ఆ రోజుల మీద నీకు ఇంత బెంగ పుడుతుందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే, చేతికంటిన పిండి వాళ్ళ మొహాన కొట్టేదాన్ని.

విమానాల నిండా మన పిల్లలే దిగుతున్న కాలం అది. కాలేజీలో సీటు దొరికినంత తేలిగ్గా ఉద్యోగం దొరికేది కాదు. కాకినాడ నుంచి వచ్చిన రూమ్మేటూ నేనూ ఒక బేస్‌మెంట్లో ఉండేవాళ్ళం. ఫ్యాక్టరీలో బన్నులు కదిలే బెల్టుకు అవతలి పక్క, సరిగ్గా నాకెదురుగా నిలబడేది క్యూబా ఆంటీ. ఆ పేరు నేను పెట్టిందే. మా అమ్మకన్నా పెద్దావిడను పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. మేం మాట్లాడుకునేది ఇంగ్లిషే, ఇద్దరిదీ అరకొరే. నేను తినకుండా వచ్చిన రోజు ఎలా కనిపెట్టేదో, బ్రేక్‌లో తన డబ్బాలోంచి అన్నం, నల్ల బీన్స్ కూర తీసి నా ముందు పెట్టేసేది. నేను ఆవకాయ వేస్తే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకొంచెం అడిగేది.

ఆమె చెప్పే కథ ఒక్కటే. పెళ్ళికాక ముందు, క్యూబాలో తినడానికి ఏమీ దొరకని రోజుల్లో, లారీ ట్యూబులకు తలుపు చెక్కలు కట్టి చేసిన తెప్ప మీద ఆంటీ, ఇంకొందరు అమెరికా చేరాలని సముద్రంలోకి వెళ్ళిపోయారట. వాళ్ళలో ఒకాయన తన కోడిపుంజును వదల్లేక వెంట తెచ్చుకున్నాడు. ఎండకు అది గోల పెట్టడం, కోసుకు తిందామని అందరూ ఎగబడడం, ఆయన దాన్ని చొక్కాలో దాచుకోవడం, అన్నీ ఆంటీ చేతులు రెక్కల్లా ఆడిస్తూ చెబుతుంటే మా ముందు బన్నులు దొర్లిపోయేవి. చివరికి అమెరికా ఓడ ఒకటి వాళ్ళను ఎక్కించుకుంది. ఆ తర్వాత ఫ్లోరిడా, పెళ్ళి, టొరంటో. ఎన్నిసార్లు విన్నా కోడిపుంజు దగ్గర నాకు నవ్వాగేది కాదు. వాళ్ళమ్మాయి కూడా ఆ కథ వింటూనే పెరిగింది.

అందుకే ఆ పిల్ల తన పెళ్ళిని టొరంటో పక్క లేక్‌లో ఉన్న ఐలాండ్‌లో పెట్టుకుంది. పడవెక్కితే తప్ప అక్కడికి పోలేం. "మా అమ్మ సముద్రం దాటొచ్చింది, నా పెళ్ళికి వచ్చేవాళ్ళంతా నీళ్ళు దాటే రావాలి" అందట. తల్లికి అంతకన్నా గొప్ప కానుక ఉండదనుకుంది పాపం. ఆ సంగతి ఆంటీ నాకు నవ్వుతూనే చెప్పింది గానీ, ఆరోజు తన డబ్బా మూత తీయలేదు.

ఆంటీ భర్త పోయి చాలా ఏళ్ళయింది. కూతురు ముందే వెళ్ళిపోతుంది కాబట్టి తనను నేనే తీసుకెళ్ళాలని అడిగింది. నేను డ్రెస్ వేసుకుని పోదామనుకుంటే రూమ్మేట్ పోనిస్తేనా!

"పెళ్ళికి చీర కట్టకుండా వెళ్తావా? మన పరువు తీస్తావే బాబూ."

"నాకు చీరల నడవరాదే. పడవల జారి పడితే నీదే పాపం."

"కదలకు, పిన్ను గుచ్చుకుద్ది" అంటూ తన పట్టుచీర నాకు చుట్టబెట్టింది.

పెళ్ళిరోజు ఫెర్రీ పడవ ఎక్కే చోట ఆంటీ బెంచీ మీద కూర్చుండిపోయింది. ఒక ఫెర్రీ వచ్చి జనాన్ని ఎక్కించుకుపోయింది. తర్వాతది ఎక్కుదామంది. అదీ పోయింది. నాకు చిరాకొచ్చింది. "సముద్రమే దాటొచ్చారు, ఈ కాసిని నీళ్ళకు భయమా ఆంటీ?" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆ తెప్ప మీద అలలకు ఎవరూ కొట్టుకుపోకుండా, బట్టలారేసే తాడుతో ఇద్దరిద్దరిని మణికట్ల దగ్గర కలిపి కట్టారట. ఆంటీకి కట్టిన తాడు రెండో కొస తమ్ముడి చేతికి ఉంది. ఇంకా మీసాలు రానివాడు. "నేను లాగితే వాడూ లాగేవాడు. ఉన్నాడని తెలిసేది" అంది. పెద్ద వాన పట్టుకుంది. తెరిపిచ్చాక లాగితే తాడు తేలిగ్గా వచ్చేసింది.

"మా అమ్మాయికి వాడి సంగతే తెలీదు. పిల్ల భయపడుతుందని కోడిపుంజు కథ చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు పెళ్ళిరోజున చెప్పమంటావా?"

ఇంకో ఫెర్రీ ఒడ్డుకొస్తోంది. నా చీరకొంగు తీసి ఆమె మణికట్టుకు ముడివేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ చెప్పలేను, పెళ్ళిళ్ళలో కొంగుముళ్ళు చూస్తూ పెరిగినదాన్ని కదా. "పిన్నులున్నాయి, ఊడదు" అన్నాను. ఆంటీ ఆ ముడిని ఒకసారి లాగి చూసింది. తర్వాత లేచింది.

ఫెర్రీలో ఉన్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉంది. కొంగు లాగేది, నేను తిరిగి లాగేదాన్ని. ఒకసారి గాలికి ఎగిరే కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆలస్యం చేశాను. ఆంటీ గట్టిగా గుంజింది, భుజం దగ్గర జాకెట్టు పర్రున చిరిగింది. "ఉన్నా ఆంటీ, ఈడనే ఉన్నా!" అని తెలుగులోనే అరిచాను. నాకు ఏడుపొచ్చేసింది.

అవతలి ఒడ్డున పెళ్ళికూతురు తెల్ల గౌను ఎత్తిపట్టుకుని పరుగున వచ్చింది. ముడి చూసి పకపకా నవ్వింది. "ఇదేంటి, మీ ఇండియా ఆచారమా?" అంటూ విప్పబోయింది. అవునంటే సరిపోయేది, అబద్ధం కూడా కాదు. నేను నోరు తెరిచేలోగా ఆంటీ కూతురి చెయ్యి పట్టుకుంది. వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది. ముడి ఉంది కాబట్టి పక్కకు పోవడానికీ లేదు, తల దించుకుని అక్కడే నిలబడ్డాను. కూతురి నవ్వు ఆగిపోయింది. కళ్ళ కాటుక చెదిరేదాకా ఏడ్చి, నా వైపు తిరిగింది.

"నాకో మేనమామ ఉండేవాడని నీకు తెలుసా?"

"ఇందాకే తెలిసింది" అన్నాను. అంతటితో ఊరుకోవచ్చు, నా నోరు ఊరుకుంటుందా! మా దగ్గర పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పెళ్ళిపీటల దగ్గరికి తెచ్చేది మేనమామేనని చెప్పేశాను. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆంటీ తన చేత్తోనే ముడి విప్పుకుంది.

తండ్రి లేడు కాబట్టి ఒంటరిగా నడిచి వస్తానని చెప్పి పెట్టిన పెళ్ళికూతురు, తల్లి చేయి పట్టుకుని చెట్ల మధ్య నుంచి నడిచి వచ్చింది. పెళ్ళి జరిపించే ఆయన, వాళ్ళ పద్ధతి ప్రకారం, ఈ అమ్మాయిని ఇక్కడికి తీసుకొచ్చింది ఎవరని అడిగాడు.

"నేనూ, మా తమ్ముడూ" అంది ఆంటీ.