క్రెయిగ్‌వెన్ పదమూడో మెట్టు

పదహారేళ్ళ ఎఫీ గాల్డ్ క్రెయిగ్‌వెన్ బురుజింట్లో పనికి చేరిన మొదటిరోజే, సూపు గిన్నెతో మెట్లెక్కుతూ పదమూడో మెట్టు దగ్గర బొక్కబోర్లా పడింది. పైన హాల్లో పెద్దదొర పకపకా నవ్వాడు. "శత్రువు దొరికాడర్రా" అన్నాడు.

ఆ మెట్టు పనే అది. నాలుగువందల ఏళ్ళనాడు బురుజు కట్టించిన దొర మిగతా మెట్లకంటే దాన్ని నాలుగు వేళ్ళు ఎత్తు పెట్టించాడు, కత్తి దూసి పైకొచ్చే పగవాడు తట్టుకుని పడాలని. ఇంట్లోవాళ్ళకైతే అక్కడికి రాగానే కాలు దానంతటదే లేస్తుంది. తర్వాతి దొరలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒకాయన బాణాల సందుల్ని కిటికీలు చేయించాడు. ఒకాయన నిచ్చెనేసుకుని ఎక్కే పై గుమ్మం మూయించి కింద తలుపు పెట్టించాడు. ఇంకొకాయనకు మూలన ఓ బుల్లి గది కట్టి దాని నెత్తిన టోపీలా కోసుదేరిన కప్పు పెట్టేదాకా నిద్రపట్టలేదు. ఏది కట్టినా తన పేరూ పెళ్ళాం పేరూ మొదటి అక్షరాలు పక్కపక్కన చెక్కించుకోవడం మాత్రం ఎవరూ మరవలేదు. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. పదమూడో మెట్టు జోలికీ ఎవరూ పోలేదు.

ఎఫీ యాభై రెండేళ్ళు ఆ మెట్లెక్కింది, దిగింది. పెళ్ళాడతానని వచ్చినవాళ్ళ చేతికి సూపు గిన్నె ఇచ్చి పైకి పొమ్మనేది; చుక్క ఒలికినా సంబంధం వద్దనేది. చేపల వర్తకుడు పడ్డాడు. తాపీమేస్త్రీ వాటీ రెన్నీ మరీ ఘోరంగా పడ్డాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఏటా గోడలకు సున్నం వేయడానికి వచ్చినా, పౌరుషానికి బయట నిచ్చెన మీదే ఎక్కేవాడు.

"ఏం వాటీ, మోకాలు మానిందా?" అని ఎఫీ వంటింటి కిటికీలోంచి పలకరించేది.

"మోకాలు మానింది. సూపు మరక పోలేదు" అనేవాడు.

చినదొర ఆలిక్ పట్నం పిల్ల మార్గరీని చేసుకున్నాడు. ఆ పిల్లది వెన్నలాంటి మనసు. మూడు నెలల్లో మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. తన సంగతే ఇలా ఉంటే అరవై ఎనిమిదేళ్ళ ఎఫీ గతేమిటని బెంగపడింది. ఆలిక్ పట్నం వెళ్ళాడు, ఎఫీ చెల్లెలింటికి వెళ్ళింది. అదే అదనుగా మార్గరీ వాటీని పిలిపించింది. వాటీ కింది మెట్ల మీద పలచటి రాతిపలకలు పరిచి అన్నింటినీ సమం చేశాడు. ఆ మెట్టు మీద అతనికీ పాత కక్ష ఉందాయె.

"ఎఫీకి చెప్పకు. తనే చూసి సంతోషిస్తుంది" అంది మార్గరీ.

ఎఫీ తిరిగొచ్చి, బార్లీ సూపు పట్టుకుని మసక మెట్లెక్కింది. పదమూడో మెట్టు దగ్గర కాలు అలవాటుగా ఎత్తుకు లేచింది. అక్కడ ఎత్తు లేదు. మనిషి తూలిపడింది, సూపంతా మెట్లపాలైంది.

మార్గరీ పరుగున వచ్చి లేవదీసింది. మెట్టు సరిచేయించినా పడిందంటే ముసలితనమే అనుకుంది. పుండు మీద కారం చల్లినట్టవుతుందని పలకల సంగతి ఎత్తలేదు.

"ఎఫీ, గేటు పక్క ఇంట్లో హాయిగా ఉండండి. సోమవారం నుంచి కొత్త వంటమనిషి వస్తుంది."

"అలాగేనమ్మా. నా కాలే నన్ను మోసం చేసింది" అంది ఎఫీ. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఆ వంటిల్లు తప్ప ఆమెకు వేరే లోకం లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆలిక్ వచ్చాడు. పైకెళుతూ తూలాడు. దిగుతూ మళ్ళీ తూలాడు. వెనకే వచ్చే ముసలి కుక్క పదమూడో మెట్టు దగ్గర ఎప్పటిలా ఎగిరి దూకి, అతని వీపుకు తగిలింది. ఇద్దరూ దొర్లుకుంటూ వచ్చి ఎఫీ వెళ్ళడానికి సర్దుకుంటున్న పెట్టె ముందు పడ్డారు.

"ఆలిక్ బాబూ, నీకూ ముసలితనం వచ్చిందా?"

"నా సంగతి సరే, మెట్టేమైంది?"

 ఎఫీ మెట్ల దగ్గరికెళ్ళి చేత్తో తడిమింది. కొత్త రాయి తగిలింది. అక్కడే కూలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. మార్గరీ సిగ్గుతో ఎర్రబడి అంతా చెప్పేసింది. కొత్త వంటమనిషిని రావద్దని ఆ సాయంత్రమే కబురు వెళ్ళింది.

మర్నాడు వాటీ పలకలు ఊడదీశాడు. ఆలిక్ చెప్పిన ఇంకో పని కూడా చేశాడు: పదమూడో మెట్టు ఎదురుముఖాన ఎఫీ పేరూ ఇంటిపేరూ మొదటి అక్షరాలు చెక్కాడు.

ఎఫీ దీపం పట్టి చూసింది. "నా పేరు తొక్కుతారేమో."

"తొక్కలేరు, తట్టుకుంటారు. అదీ పరాయివాళ్ళే" అన్నాడు వాటీ.

"సరే గానీ, పక్కన ఇంత చోటు నున్నగా చేసి వదిలేశావేం?"

వాటీ ఉలి తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచినా ఆ ఉలి శుభ్రం కాలేదు. "ఈ ఇంట్లో పేర్లు జంటగానే చెక్కుతారు కదా."

ఎఫీ కిందికెళ్ళి, గిన్నె నిండా సూపు పోసి, అతన్ని కిందికి పిలిచి చేతికిచ్చింది. డెబ్భై ఏళ్ళ వాటీ మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. పదమూడో మెట్టు దగ్గర కాలు ఎత్తాడు. చుక్క ఒలకలేదు.

"ఆ గిన్నె అక్కడ పెట్టి, ఉలి అందుకో" అంది వెనకే ఎక్కివచ్చిన ఎఫీ.